టీచర్లకు ఊపిరాడే బడి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయాలి

ఉదయం మొదటి పీరియడ్. ఏడేళ్ల పిల్లవాడు తీసివేత లెక్క తప్పు చేసి నోట్‌బుక్ పట్టుకొస్తాడు. టీచర్ వంగి చూసి, "ఇక్కడ పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం మర్చిపోయావు, చూడు" అంటుంది. అదే పిల్లవాడు అదే తప్పుతో చివరి పీరియడ్‌లో వస్తే, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వెళ్లి కూర్చో" అంటుంది. ఈ మధ్యలో ఆమె వరసగా నాలుగు క్లాసులు చెప్పింది. ఎవరో సెలవు పెడితే వాళ్ల క్లాసు కూడా చూసింది. భోజనం సగంలో ఆపి ఒక పేరెంట్ ఫోన్ ఎత్తింది. మంచినీళ్లు తాగిందో లేదో ఆమెకే గుర్తులేదు.

ఆ మధ్యలో జరిగేదాన్ని మార్చగలిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను: హెడ్‌మాస్టర్లు, ప్రిన్సిపాళ్లు, ప్రీస్కూల్ నడిపేవాళ్లు, టైమ్‌టేబుల్ వేసేవాళ్లు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టీచర్ల బాగోగుల కోసం ధ్యానం క్లాసు పెట్టించే ముందు మీ టైమ్‌టేబుల్ తీసి చూడండి. కొత్తగా ఏదైనా ఇచ్చే ముందు ఉన్న బరువులో ఒకటి దించండి.

పిల్లలకు దీంతో ఏం సంబంధం?

స్టాఫ్ మీటింగ్‌లోనో మేనేజ్‌మెంట్ దగ్గరో ఈ ప్రశ్న మీకు తప్పకుండా ఎదురవుతుంది. అందుకే జవాబు దగ్గర పెట్టుకోండి.

పెద్దవాళ్ల ముఖం చూసి, ఇక్కడ భయం లేదు, ముందుకు వెళ్లొచ్చు అని తేల్చుకోవడం పిల్లలకు ఏడాది వయసుకే వస్తుంది. 1985లో జేమ్స్ సోర్స్, ఆయన తోటి పరిశోధకులు 12 నెలల పిల్లల్ని ఒక గాజు పలక మీద ఉంచారు. సగం దూరం దాటాక గాజు కింద కొంచెం లోతు కనిపిస్తుంది. అవతలి వైపు తల్లి నవ్వుతూ నిలబడితే 19 మందిలో 14 మంది పాక్కుంటూ దాటారు. తల్లి భయపడుతున్నట్టు ముఖం పెడితే 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. బడిలో రోజుకు ఐదారు గంటలు పిల్లలు చూసే ముఖం టీచర్‌ది. తప్పు చేస్తే ఫర్వాలేదా, అడిగితే తిడతారా అన్నది వాళ్లు అక్కడే చదువుకుంటారు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఈవా ఓబెర్లే, కింబర్లీ షోనెర్ట్-రైకెల్ 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. 4 నుంచి 7వ తరగతి వరకు చదివే 400 మందికి పైగా పిల్లల లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. బాగా అలసిపోయామని చెప్పిన టీచర్ల క్లాసుల్లో పిల్లల ఉదయపు కార్టిసాల్ ఎక్కువగా ఉంది. టీచర్ వల్ల పిల్లలకా, పిల్లల వల్ల టీచర్‌కా అన్నది ఇలాంటి కొలతతో తేలదు. క్లాసు నడిపిన ఎవరినైనా అడగండి, రెండూ నిజమే అంటారు. 2015లో అమెరికాలో లీ మెక్లీన్, కరోల్ కానర్ 3వ తరగతి టీచర్లనూ పిల్లలనూ చూశారు. డిప్రెషన్ లక్షణాలు ఎక్కువ ఉన్న టీచర్ల క్లాసుల్లో నష్టం ఎక్కువ పడింది మొదటినుంచీ లెక్కల్లో వెనకబడ్డ పిల్లల మీద. బాగా చదివే పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. టీచర్ ఓపిక మీద ఆధారపడేది వెనక బెంచీ పిల్లలే.

మొదటి వారం: ఏమీ మార్చకండి, చూడండి

సర్వే ఫారం మాత్రం పంచకండి. ఇప్పటికే ఫారాలతో విసిగిపోయినవాళ్లకు ఇంకో ఫారం ఇవ్వడం మీ ఉద్దేశాన్ని మొదటిరోజే చెడగొడుతుంది.

ఒక కాగితం మీద టీచర్ల పేర్లు రాసుకుని వారం రోజులు మీరే గమనించండి. వరసగా ఎన్ని పీరియడ్లు చెబుతున్నారు? ఖాళీ పీరియడ్లలో ఎన్ని సబ్‌స్టిట్యూషన్‌కి పోయాయి? కూర్చుని భోజనం చేశారా? క్లాసు మధ్యలో ఎవరెవరు, దేనికి బయటికి పిలిచారు? స్కూలు వదిలాక వాట్సాప్ గ్రూపులో మీ నుంచి ఎన్ని మెసేజ్‌లు వెళ్లాయి? ఈ చివరి లెక్క వేసుకునేటప్పుడు చాలామంది హెడ్‌మాస్టర్లు ముఖం చిట్లిస్తారు. నేనూ చిట్లించాను.

ఆ వారంలోనే ఒకరోజు మీరు ఒక టీచర్ టైమ్‌టేబుల్ మొత్తం నడపండి. ఒకటో పీరియడ్ నుంచి చివరిదాకా, ఆఫీసు గదికి రాకుండా. నేను ఒకటో తరగతితో ఇలా ఒకరోజు గడిపాను. బాత్రూమ్‌కి వెళ్లాలంటే 30 మంది పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తెలియక మధ్యాహ్నం దాకా ఆగాను. అన్నేళ్లుగా ఆ టైమ్‌టేబుల్ వేసింది నేనే.

తర్వాత ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చోండి. "ఎలా ఉన్నారు?" అని అడిగితే "బాగానే ఉన్నాం సార్" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. ఇలా అడగండి: "మేడం, మీరు చేసే పనుల్లో ఒకటి రేపటి నుంచి తీసేస్తానంటే ఏది తీసేయమంటారు?" చెప్పింది రాసుకోండి. అక్కడికక్కడే సమర్థించుకోకండి, అది ఎందుకు కుదరదో వివరించకండి.

రెండో వారం: ఒక పని తీసేయండి

ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2018లో చాలా దేశాల టీచర్ల మీద చేసిన సర్వేలో, పనిలో చాలా ఒత్తిడి ఉందని చెప్పినవాళ్లు సగటున 18 శాతం. ఒత్తిడికి కారణాలు అడిగితే ముందు వరసలో వచ్చింది రాతకోతల పని. అందుకే మొదటి కత్తెర అక్కడే పెట్టాలి.

టీచర్లు నింపే ప్రతి రిజిస్టర్‌నీ, ప్రతి ఫార్మాట్‌నీ బల్లమీద పరవండి. ఒక్కో దాని గురించి రెండు ప్రశ్నలు: దీన్ని ఎవరు చదువుతారు? చదివి ఏం చేస్తారు? పైఅధికారులు అడిగేవి ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. మిగిలినవాటిలో ఎవరూ చదవనివి, ఒకే సమాచారం రెండుచోట్ల రాసేవి తప్పకుండా దొరుకుతాయి. హాజరు పుస్తకంలోనూ, ఫోన్ యాప్‌లోనూ, మళ్లీ సాయంత్రం గ్రూపులోనూ రాస్తుంటే ఒకటి ఉంచి రెండు ఆపండి.

కరెక్షన్ ఇంకో పెద్ద మూట. 40 మంది పిల్లల నోట్‌బుక్కుల్లో ప్రతి వాక్యానికీ ఎర్ర గీత పెట్టాలన్న నియమం ఉంటే దాన్ని సడలించండి. వారానికి ఒక పని మాత్రం శ్రద్ధగా దిద్దాలి, మిగతావి క్లాసులోనే పిల్లలు జంటలుగా సరిచూసుకోవాలి అని రాసివ్వండి. తల్లిదండ్రులకు కూడా ఆ విషయం మీరే చెప్పాలి. లేకపోతే "నోట్‌బుక్ దిద్దలేదు" అన్న ఫిర్యాదు టీచర్ నెత్తిన పడుతుంది.

ఇక్కడినుంచి ఒక నియమం పెట్టుకోండి: కొత్త పని ఒకటి చెప్పిన మీటింగ్‌లోనే పాతది ఒకటి తీసేస్తున్నట్టు చెప్పాలి. తీసేయడానికి ఏమీ దొరకకపోతే కొత్తది వాయిదా.

టైమ్‌టేబుల్ మళ్లీ వేయడం

మొత్తం పనిలో కష్టమైనదీ, ఫలితం ఎక్కువగా ఉండేదీ ఇదే. ఒక ఆదివారం పోయినా పోనివ్వండి.

వరసగా మూడు పీరియడ్లు మించకుండా చూడండి. చిన్న బడిలో మనుషులు తక్కువ ఉంటే ఇది అసాధ్యం అనిపిస్తుంది. రెండు సెక్షన్లను కలిపి కథో, పాటో, ఆటో పెట్టే 20 నిమిషాల స్లాట్ రోజుకు ఒకటి వేస్తే ఒక టీచర్ ఖాళీ అవుతారు. మరుసటిరోజు రెండోవారు. కొన్ని స్లాట్లు మీరే తీసుకోండి. హెడ్‌మాస్టర్ వారానికి నాలుగు పీరియడ్లు చెబితే గౌరవం ఏమీ తగ్గదు.

సబ్‌స్టిట్యూషన్‌కి లెక్క పుస్తకం పెట్టండి. కాదనలేని మనిషినే ప్రతిసారీ పంపడం బళ్లలో మామూలు. నెలాఖరుకి ఎవరు ఎన్ని తీసుకున్నారో అందరికీ కనపడేలా అంటిస్తే అదే సర్దుకుంటుంది. వారంలో కనీసం రెండు ఖాళీ పీరియడ్లు ఏం జరిగినా ముట్టుకోకూడనివి అని ప్రకటించండి. ఆ రెండూ ఎప్పుడో టీచర్‌కి ముందే తెలియాలి. దొరుకుతుందో లేదో తెలియని విరామం విరామంలా ఉండదు, సగం సమయం తలుపు వైపు చూడటానికే సరిపోతుంది.

బాత్రూమ్ సంగతి. చిన్న తరగతుల టీచర్లు ఇది నోరు తెరిచి అడగరు. అందుకే నీళ్లు తక్కువ తాగుతారు, దాంతో తలనొప్పి, మూత్రంలో మంట. ప్రతి రెండు గంటలకు ఎవరు ఎవరి క్లాసు ఐదు నిమిషాలు చూస్తారో పేర్లతో రాసి పెట్టండి. పేరు లేని ఏర్పాటు మూడో రోజుకి ఆగిపోతుంది.

గొంతు గురించి కూడా చెప్పాలి. 2004లో అమెరికాలో నెల్సన్ రాయ్, తోటి పరిశోధకులు చేసిన పెద్ద సర్వేలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్నవాళ్లు టీచర్లలో 57.7 శాతం, ఇతర ఉద్యోగాలవాళ్లలో 28.8 శాతం. గొంతు నొప్పిగా ఉన్న టీచర్ తక్కువ మాట్లాడుతుంది. ఓపిగ్గా వివరించాల్సిన చోట ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పిల్లలు అడగడం మానేస్తారు. చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. రోడ్డు వైపు గదుల్లో గోల తగ్గించే ఏర్పాటు, పెద్ద క్లాసులకు చిన్న మైకు, బల్ల మీద నీళ్ల సీసా. ప్రార్థన, ఆటలు, రాకపోకల డ్యూటీ లాంటి గొంతు చించుకునే పనులన్నీ ఒకే మనిషి మీద పడకుండా చూడటం. బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించుకోమని చెప్పండి.

కష్టమైన పిల్లవాడి బరువు పంచుకోండి

ప్రతి బడిలో ఒకరిద్దరు పిల్లలుంటారు. కొడతారు, కొరుకుతారు, పరిగెత్తి గేటు దాకా పోతారు. ఆ పిల్లవాడు ఏ టీచర్ క్లాసులో పడితే ఆ ఏడాది ఆ టీచర్ అయిపోయినట్టే అని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకుంటారు. అమెరికాలో వాల్టర్ గిల్లియమ్ 2005లో ప్రీస్కూళ్ల నుంచి పిల్లల్ని తీసేయడం మీద పరిశోధన చేశాడు. ప్రభుత్వ ప్రీస్కూళ్లలో ఇలా తీసేసే రేటు పెద్ద బళ్లకంటే మూడు రెట్లకు పైగా ఉంది. అయితే మానసిక నిపుణులు బడికే వచ్చి టీచర్‌తో కూర్చుని మాట్లాడే చోట ఆ రేటు తక్కువ. మరుసటేడాది వచ్చిన ఇంకో విశ్లేషణలో, పని ఒత్తిడి ఎక్కువని చెప్పిన టీచర్ల క్లాసుల్లోంచి పిల్లల్ని తీసేయడం ఎక్కువని తేలింది. ఆ పిల్లవాడు బడిలో నిలుస్తాడా లేదా అన్నది కొంతవరకు టీచర్ వెనక ఎవరైనా ఉన్నారా అన్నదాని మీద ఉంటుంది.

మీ బడిలో నిపుణులు లేకపోయినా మూడు పనులు చేయొచ్చు.

పక్క క్లాసు టీచర్‌ని జంటగా పెట్టండి. ఇక నా వల్ల కాదు అనిపించిన క్షణంలో ఒక రంగు కార్డు పంపితే ఆమె వచ్చి ఐదు నిమిషాలు నిలబడాలి. ప్రశ్నలు వేయకూడదు, తర్వాత స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట ఎత్తకూడదు. ఈ కార్డు ఎన్నిసార్లు వాడారన్న లెక్క ఎవరి సర్వీసు రికార్డులోకీ ఎక్కకూడదు. ఎక్కుతుందన్న అనుమానం వచ్చినా కార్డు సొరుగులోనే ఉండిపోతుంది.

రెండు వారాలకోసారి అరగంట కూర్చుని ఒకే ఒక్క పిల్లవాడి గురించి మాట్లాడండి. "వీడు ఇంతే" అనడానికి కాదు. ఏ సమయంలో రెచ్చిపోతున్నాడు, అంతకు ముందు ఏం జరిగింది, ఎవరి దగ్గర బాగుంటున్నాడు అని. చాలాసార్లు ఆకలివేళో, ఒక పని ఆపి ఇంకో పనికి మారే సమయమో బయటపడుతుంది.

మూడోది రాబర్ట్ పియాంటా బృందం రూపొందించిన పద్ధతి, పేరు బ్యాంకింగ్ టైమ్. టీచర్ ఆ పిల్లవాడితో ఒంటరిగా 10, 15 నిమిషాలు కూర్చుంటుంది. ఏం ఆడాలో పిల్లవాడే చెబుతాడు. టీచర్ నేర్పదు, సరిదిద్దదు, ప్రశ్నలతో వేధించదు, వాడు చేసేది చూసి మాటల్లో చెబుతుంది. మంచిగా ఉంటేనే ఆట అన్న షరతు కూడా పెట్టకూడదు. ఇందులో చిక్కేమిటంటే ఆ 15 నిమిషాలు మిగతా క్లాసుని ఎవరు చూస్తారు? మళ్లీ టైమ్‌టేబులే. సమయం ఇవ్వకుండా ఈ పద్ధతి గురించి ట్రైనింగ్ మాత్రం ఇస్తే, చేయలేకపోతున్నామన్న ఇంకో బాధ తగిలించినట్టవుతుంది.

ఫోన్లు, ఫిర్యాదులు

సాయంత్రం ఫలానా గంట దాటాక గ్రూపులో మెసేజ్ పెట్టకూడదు అని నియమం పెట్టి, దాన్ని ముందు మీరు పాటించండి. గుర్తొచ్చినది రాసుకుని ఉదయం పంపండి. తల్లిదండ్రులకు టీచర్ సొంత నంబర్ బదులు బడి నంబర్ ఇవ్వండి.

ఫిర్యాదు వస్తే పిల్లల ముందు టీచర్‌ని నిలదీయనివ్వకండి. "మీ మాట విన్నాను, మేడంతో మాట్లాడి రేపు చెబుతాను" అని పంపండి. టీచర్ చెప్పేది వినకముందే క్షమాపణ చెప్పించడం నేను చూశాను. ఆ టీచర్ తర్వాత ఆ పిల్లవాడి జోలికే పోలేదు. తప్పు దిద్దలేదు, మెచ్చుకోలేదు. ఏడాదంతా వాడు ఆ క్లాసులో కనిపించని మనిషిలా ఉండిపోయాడు.

(మీరు పేరెంట్ అయితే ఈ భాగం మీకు కూడా. ఇంట్లో పిల్లల ముందు టీచర్‌ని తిట్టకండి. నెలకోసారైనా ఫిర్యాదు లేని ఒక మెసేజ్ పంపండి. "నిన్న మీరు చెప్పిన కథ ఇంటికొచ్చి మళ్లీ చెప్పాడు" అన్నంత చిన్నదైనా చాలు.)

కుంగిపోతున్న టీచర్‌తో ఎలా మాట్లాడాలి

మామూలు అలసట సెలవులకి తీరిపోతుంది. తీరనిదాన్ని గుర్తుపట్టడానికి క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించిన కొలమానం ఇప్పటికీ పనికొస్తుంది. అందులో మూడు ముఖాలు: లోపల ఏమీ మిగలనట్టుండే అలసట, ఎదుటివాళ్లని మనుషుల్లా కాకుండా పనుల్లా చూడటం, నేను చేసేదేమీ పనికిరావడం లేదన్న భావన. రెండోదాన్ని బళ్లలో "ఆ మేడం పొగరు", "ఆ సార్‌కి పట్టదు" అంటారు. పిల్లల్ని పేరుతో పిలవడం మానేసి "ఏయ్, నువ్వు" అంటున్నారంటే, పొగరనుకునే ముందు అలసటేమో చూడండి. ఈ తీరని అలసటనే బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా కాకుండా, అదుపు చేయని పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా వర్ణించింది. అంటే సరిచేయాల్సింది ముందు పనిని.

మాట్లాడేటప్పుడు తలుపు మూయండి, ఫోన్ పక్కన పెట్టండి. చూసింది చెప్పండి: "మేడం, రెండు వారాలుగా మీరు స్టాఫ్‌రూమ్‌కి రావడం లేదు. భోజనం కూడా క్లాసులోనే. ఏమన్నా భారంగా ఉందా?" తర్వాత ఆగండి. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి. "అందరికీ ఉండేదే", "పాజిటివ్‌గా ఆలోచించండి", "మా రోజుల్లో అయితే" అన్న మూడు మాటలు నాలుక చివరికి వస్తాయి. మింగేయండి. చివర్లో ఒక్క మార్పు మాత్రం అప్పుడే ఖాయం చేసి లేవండి: ఈ వారం ఆ డ్యూటీ మీకు లేదు, లేదా శుక్రవారం చివరి పీరియడ్ నేను చూస్తాను.

మీరు కౌన్సెలర్ కాదు. వారాల తరబడి నిద్ర లేదన్నా, ఏడుపు ఆగడం లేదన్నా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సెలవు ఇవ్వండి, కారణం ఎవరికీ చెప్పకండి. బతకాలని లేదు అన్న మాట వస్తే తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా, ఇంటివాళ్లలో ఎవరిని పిలవాలో వాళ్లనే అడిగి, అదే రోజు వైద్య సాయం అందేలా చూడండి. ఆ మాట విషయంలో రహస్యం అన్న నియమం వర్తించదు.

ధ్యానం, వర్క్‌షాపులు వద్దా?

వద్దనడం లేదు. న్యూయార్క్ నగరంలో 36 ప్రాథమిక బళ్లలో 224 మంది టీచర్లతో ప్యాట్రీషియా జెన్నింగ్స్ బృందం చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ధ్యానం లాంటి సాధనలతో నడిచే కేర్ అన్న శిక్షణ తీసుకున్న టీచర్లలో మానసిక ఒత్తిడి తగ్గింది, క్లాసులో పిల్లలకు దొరికే ఆదరణ మెరుగ్గా ఉంది. కానీ ఆ శిక్షణ ఒక మధ్యాహ్నం ఉపన్యాసం కాదు, నెలల మీద సాగింది. మీరు పెట్టించాలనుకుంటే పని వేళల్లో పెట్టండి, ఇష్టమున్నవాళ్లనే రమ్మనండి. సెలవురోజు పిలిచి ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో చెప్పించిన కార్యక్రమానికి నేనూ ఒకసారి హాజరు సంతకం పెట్టాను. మూడు గంటలు.

ఫలితం ఎక్కడ వెతకాలి

ఒక టర్మ్ గడిచాక పిల్లల వైపు చూడండి, అదీ చివరి పీరియడ్‌లో. వెనక కూర్చుని నాలుగు సంగతులు గమనించండి. ఎంతమంది పిల్లలు తమంతట తాము సందేహం అడిగారు? తప్పు జవాబు చెప్పిన పిల్లవాడికి రెండో అవకాశం దొరికిందా? టీచర్ పిల్లల పక్కన వంగి మాట్లాడారా? ఎవరినైనా బయటికి పంపారా? మొదటి వారంలోనే ఇదే లెక్క ఒకసారి రాసుకుని ఉంటే పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. రాసుకోకపోతే ఈ టర్మ్ లెక్కనే మొదటిది అనుకోండి.

ఈ కాగితం టీచర్‌కి మార్కులు వేయడానికి వాడకండి. మీటింగ్‌లో ఎవరి పేరూ చదవకండి. ముందు ఆ టీచర్‌కే చూపించి, "చివరి గంటలో పిల్లలు అడగడం తగ్గింది, ఆ ముందు గంటలో మీ మీద ఏం పడుతోంది?" అని అడగండి. ఆమె చెప్పేది మళ్లీ టైమ్‌టేబుల్ దగ్గరికే తీసుకెళ్తుంది. అందుకని దాన్ని పెన్సిల్‌తో వేసుకోండి.